స్టీరింగు వైపు సీటు

అమ్మ బల్ల మీద మూడు పళ్ళేలే పెట్టింది.

వెల్డరమ్మ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. ఒకటి తనకి, ఒకటి అమ్మకి, ఇంకొకటి మెడకి పట్టీ వేసుకుని లోపలి గదిలో పడుకున్న తమ్ముడికి. నాలుగో కుర్చీలో ఆమె భర్త అప్పటికే వచ్చి కూర్చున్నాడు. అతని ముందు బల్ల బోసిగా ఉంది.

"అమ్మా, ఇంకో పళ్ళెం."

"ఎవరికి? ఇంట్లో ఉన్నది ముగ్గురమే కదా," అంది అమ్మ గిన్నె మీద మూత తీస్తూ.

"అమ్మా!"

"ఏం, లెక్క తప్పానా? నా కొడుకుని ఆసుపత్రి పాలు చేసిన మనిషికి నా చేత్తో వడ్డించమంటావా? ఆకలేస్తే బయట బోలెడు హోటళ్ళున్నాయని చెప్పు ఆయనగారికి."

ఆయనగారు బల్లకి ఇవతలే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడు. నిన్నటి నుంచీ అమ్మ అల్లుడితో మాట్లాడుతున్న తీరు ఇదే. అతను వింటూ ఉండగానే పక్కవాళ్ళతో చెబుతుంది. నిన్నటి దాకా 'బాబూ, బాబూ' అని నోరారా పిలిచిన మనిషి.

రేసుల వాళ్ళు అతన్ని నిదానం అంటారు. కారు గాలిలా పోతున్నా, స్టీరింగు మీద అతని చేతులు నిండు పాలగ్లాసు పట్టుకున్నంత జాగ్రత్తగా కదులుతాయని ఆ పేరు పెట్టారు. మాట తీరు కూడా అంతే. పెళ్ళిచూపుల్లో ఒక ప్రశ్నకి జవాబు చెప్పేసరికి టీ చల్లారిపోయిందని వెల్డరమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. ఆమె కూడా అసలు పేరు ఏనాడో పోగొట్టుకుంది. కారు దొర్లినా మనుషులు నలగకుండా రేసు కార్ల లోపల ఇనుప గొట్టాలతో కేజ్ కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి కావడంతో అందరికీ వెల్డరమ్మే అయిపోయింది. అమ్మ ఒక్కతే 'పెద్దదానా' అంటుంది, అదీ కోపంలో.

"పెద్దదానా, విను," అంది అమ్మ ఇప్పుడు. "ఈ ఇల్లు, ఆ షెడ్డు మీ నాన్న కట్టినవి. పొద్దు గూకేలోపు షెడ్డులోంచి ఆ కారు పోవాలి. దాంతోపాటు దాన్ని నడిపినాయన కూడా."

"ఏం మాటలమ్మా అవి?"

"మంచి మాటలు ఇంకెవరైనా చెప్తారేమో అడుగు. కొండదారిలో కారు పల్టీలు కొట్టి కాలవ గట్టు మీద తలకిందులైందట. నడిపిన మనిషికి భుజం కమిలింది. పక్కన కూర్చున్న పాపానికి నా బిడ్డకి తల అదిరిపోయి, రాత్రంతా ఆసుపత్రిలో తన పేరు తను చెప్పలేక..." అమ్మ గరిటె గిన్నెలో పడేసి మొహం పక్కకి తిప్పుకుంది.

నిదానం మంచినీళ్ళ గ్లాసు అందుకుని తాగాడు. గ్లాసు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు.

"తప్పు నాదే అత్తయ్యా. మలుపులో కాలు తీశాను."

"విన్నావా?" అంది అమ్మ కూతురితో. "తన నోటితోనే."

వినడం నిన్నటి నుంచీ వింటూనే ఉంది వెల్డరమ్మ. ఆసుపత్రి వరండాలో విన్నది, ఇంటికొచ్చే దారిలో విన్నది. విన్న ప్రతిసారీ ఆ మాట గొంతులో ముల్లులా దిగబడుతోంది. మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడట! నిదానం!

కొత్తగా రేసులకి వచ్చేవాళ్ళకి అతను మొదట నేర్పే పాఠమే అది. "భయమేస్తే వెయ్యనివ్వండి, తప్పు లేదు. ఆ భయం కాలు దాకా దిగకూడదు. మలుపు మధ్యలో చటుక్కున కాలు తీశారో, కారు మీ మాట వినదు," అని చెప్పిందే చెప్పి విసిగించేవాడు. అలాంటివాడు చేసిన తప్పా అది?

ఆమె మూడో పళ్ళెంలో వడ్డించుకుని లోపలి గదివైపు కదిలింది.

"నువ్వు తిను ముందు," అంది అమ్మ.

"నాకు ఆకలి లేదు."

నిదానం ఖాళీ బల్ల ముందు అలాగే కూర్చున్నాడు.

* * *

తమ్ముడు పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు. మెడ పట్టీ వల్ల అటూ ఇటూ తిరగలేడు. మీసాలు దువ్వుకునే వయసొచ్చినా, సొంతంగా సంపాదించుకుంటున్నా, అమ్మకి వాడు చిన్నోడే. రేసుల్లో బావ పక్కన కూర్చుని దారి కాగితాలు చదవడం వాడి పని. ముందు రానున్న మలుపు ఎటు తిరుగుతుందో, ఎంత వంపుందో కాగితంలో చూసి గట్టిగా చెబుతూ ఉండాలి. చెప్పినట్టు నడపడం బావ వంతు.

"తినిపిస్తాను, నోరు తెరు."

"నేనేం పసిపిల్లాణ్ణా అక్కా?" అంటూనే తెరిచాడు. రెండు ముద్దలు మింగాక అన్నాడు, "అమ్మ అరుస్తోంది కదూ? వినబడింది."

"డాక్టరు నిన్ను ఏమీ ఆలోచించవద్దన్నాడు."

"ఆలోచించడానికి ఏముందని? హెల్మెట్ పెట్టుకున్నాను. కొండెక్కాం. పైన టీ తాగాం. ఆ తర్వాత కళ్ళు తెరిస్తే నువ్వు ఆసుపత్రిలో ముక్కు చీదుతున్నావు. మధ్యలోదంతా ఎవరో తుడిచేసినట్టు పోయింది."

"వస్తే వస్తుంది, లేకపోతే లేదు. అదీ డాక్టరు మాటే."

వాడు కాసేపు నమిలాడు. మొహం ముడుచుకుంది.

"బావ కాలు ఎందుకు తీశాడక్కా? నేనొక అక్షరం తప్పు చదివితే పూటంతా సాధించేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నన్ను స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. నాకు నిదానం లేదట! ఇదేనా ఆయన నిదానం?"

వెల్డరమ్మ వాడి గడ్డం తుడిచి, పళ్ళెం తీసుకుని బయటికొచ్చింది. వంటింటివైపు వెళ్ళకుండా పళ్ళెం పెరటి అరుగు మీద పెట్టి నేరుగా షెడ్డుకి నడిచింది.

* * *

కారుని పొద్దున్నే లారీ మీద తెచ్చి దింపి పోయారు. ఆమె దాని దగ్గరికి రావడం ఇదే మొదలు.

బయటి నుంచి చూస్తే అందులో మనుషులు బతికి బయటపడ్డారంటే ఎవరూ నమ్మరు. పైరేకు నలిపి పారేసిన కాగితంలా ఉంది. అద్దమన్నది ఒక్కటీ లేదు. ఒక తలుపు ఊడి వెనక సీట్లు ఉండాల్సిన చోట పడి ఉంది. ఆమె వంగి, కిటికీ లోంచి తల లోపల పెట్టింది.

లోపల కేజ్ నిలబడే ఉంది.

సీట్ల వెనక నేల నుంచి నేలకి కమాను, ముందు ఇంకో కమాను, రెంటినీ కలుపుతూ తలల మీదుగా పోయే గొట్టాలు, తలుపుల పక్కన అడ్డంగా వేసినవి. ప్రతి అతుకూ ఆమె చేతిదే. ఒక్కొక్కదాని మీదా బొటనవేలు పెట్టి రాస్తూ పోయింది. స్టీరింగు వైపు ముందు స్తంభం అరచేతి మందాన లోపలికి వంగింది. పైగొట్టం కాస్త కుంగింది. కానీ ఒక్క అతుకూ విచ్చుకోలేదు. నేలకి వేసిన పలకలు అంగుళం కదలలేదు.

వంగింది, తెగలేదు. ఆమె ఊపిరి వదిలింది. కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇనుము వంగిపోతే ఇక మమ్మల్ని కాపాడిందెక్కడ?" అని కేజ్ కట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు అడుగుతుంటారు. "వంగనివ్వండి. దెబ్బ అది తినాలి, మీరు కాదు. మీరు కూర్చున్న చోటు మీకు మిగిలితే చాలు," అని చెబుతుంది ఆమె. ఒకసారి వంగిన గొట్టాన్ని కొట్టి సాపు చేసి మళ్ళీ వాడమంటే మాత్రం ఒప్పుకోదు. తినాల్సిన దెబ్బ అది తినేసింది, ఇక కోసి పారెయ్యాల్సిందే.

ఆ పాఠం ఆమెకి ఎవరూ నేర్పలేదు. నాన్న కారులో కూడా గొట్టాలుండేవి. తళతళలాడే పాలిష్ గొట్టాలు, పక్కింటివాళ్ళు వచ్చి చూసిపోయేంత అందంగా. వాటిని పలచటి నేల రేకుకి నాలుగు బోల్టులతో బిగించారు. కారు దొర్లినప్పుడు గొట్టాలు వంగలేదు. రేకుని చించుకుని లోపలికి వచ్చాయి, నాన్న మిగల్లేదు. అప్పుడామె బడికి వెళ్ళే పిల్ల. చిన్నోడికి ఇంకా మాటలు కూడా సరిగ్గా రాలేదు.

కన్నీళ్ళు తుడుచుకుని మళ్ళీ పైగొట్టం వైపు చూసింది. స్టీరింగు సీటు పైన తల తగిలే చోట చుట్టిన మెత్తటి తొడుగు చిరిగి పక్కకి జారింది. దాని కింద బూడిదరంగు ఇనుము మీద ఒక చార. పసుపు పచ్చని చార.

గోరుతో గీకింది. పెచ్చు ఊడింది. హెల్మెట్ రంగు.

నిదానం హెల్మెట్ తెల్లది. పసుపుది తమ్ముడిది. దూరం నుంచైనా తనని గుర్తుపట్టాలని వాడే కూర్చుని వేసుకున్న రంగు అది.

మరి ఆ చార స్టీరింగు వైపు ఎందుకుంది?

పల్టీల్లో వాడు ఇటు విసిరేసినట్టు వచ్చి పడ్డాడేమో అనుకుంది. కానీ బెల్టు కట్టుకున్న మనిషి అలా వచ్చి పడడు. ఆమె చెయ్యి దానంతటదే బెల్టుల మీదికి పోయింది. పక్క సీటు భుజం పట్టీలు ఎప్పుడూ బాగా లోపలికి లాగేసి ఉంటాయి, చిన్నోడు సన్నగా రివటలా ఉంటాడు గనక. ఇప్పుడవి చివరంటా వదులు చేసి ఉన్నాయి. విశాలమైన ఛాతీ ఉన్న మగాడికి సరిపోయేలా.

స్టీరింగు వైపు పట్టీలు ఎప్పటిలాగే నిదానం కొలతకి ఉన్నాయి. అంటే ఆ సీట్లో కూర్చున్న సన్నటివాడు వాటిని తన కొలతకి బిగించుకోలేదు.

వెల్డరమ్మ కారు అంచు పట్టుకుని నిలబడింది.

"వంగిందా?" వెనక నుంచి నిదానం గొంతు. "అతుకులు ఎలా ఉన్నాయి?"

"అతుకుల సంగతి తర్వాత," అంది ఆమె వెనక్కి తిరగకుండానే. "పసుపు హెల్మెట్ నువ్వు ఎప్పటి నుంచి పెట్టుకుంటున్నావు?"

అతని అడుగులు షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయాయి.

"బెల్టులు ఎవరు మార్చారు?"

అతను వచ్చి బోర్లించిన చక్రం మీద కూర్చున్నాడు. మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, నేల వంక చూశాడు. ఆమె పక్కనున్న సుత్తి అందుకుంది.

"మాట్లాడు. లేకపోతే ఈ సుత్తి పెట్టి నిన్నే సాపు చేస్తాను."

"కొండ మీద రేసు సాధన అయిపోయింది," అన్నాడు. "దిగి రావడమే మిగిలింది. రోడ్డంతా మనదే, పురుగు లేదు. 'బావా, ఒక్కసారి' అన్నాడు. ఎన్నాళ్ళుగా అడుగుతున్నాడో నీకు తెలుసు. నిన్న ఎందుకో కాదనలేకపోయాను. ఇచ్చాను."

"బుద్ధి ఉందా నీకు?"

"లేదు."

కోపంతో ఆమె పళ్ళు కొరికింది. అయినా అడగకుండా ఉండలేకపోయింది. "ఎలా నడిపాడు?"

నిన్నటి నుంచి మొదటిసారి అతని మొహంలో వెలుగు వచ్చింది.

"ఏం చెప్పమంటావు? నాకు ఎన్నో ఏళ్ళు పట్టిన పని వాడికి ముందే వచ్చేసింది. మలుపు దగ్గర పడుతుంటే కారుని ముందుగానే వంపుకి సిద్ధం చేస్తున్నాడు. చేతులు చూడాలి నువ్వు! నేను కాగితాలు చదవడం మానేసి వాడి చేతులే చూస్తూ కూర్చున్నాను."

"తర్వాత?"

"ఒక చోట రోడ్డు గట్టులా లేచి, దిగుతూనే మలుపు తిరుగుతుంది. గట్టు మీద కారు తేలిపోతుంది కదా, చక్రాలకి నేల సగమే అందుతుంది. దిగినచోట గులకరాళ్ళు. అప్పుడు వేగం ఎక్కువైందనిపించింది వాడికి. చటుక్కున కాలు తీసేశాడు. బరువంతా ముందు చక్రాల మీదికి దూకింది. వెనకవి తేలికై పట్టు వదిలేశాయి. తోక బయటికి తిరిగింది. తిరిగితే స్టీరింగు ఎదురు తిప్పాలి, తిప్పాడు. కంగారులో మరీ ఎక్కువ తిప్పేశాడు. ఇటు పోయిన తోక విసురుగా అటు కొట్టింది. చక్రం కాలవ గట్టులో దిగబడింది. ఇంక అక్కణ్ణుంచి కారు మన చేతిలో ఉండదు."

"నువ్వేం చేస్తున్నావు?"

"కాలు తీయకు అని అరిచాను. అప్పటికే తీశాడు."

"బెల్టు?"

అతను రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

"నా బెల్టు నేను సరిచేసుకున్నాను. వాడిది లాగి చూడలేదు. ఎవడు నా కారెక్కినా లాగి చూస్తాను, నీకు తెలుసు. నిన్న వాడి సంబరం చూస్తూ మర్చిపోయాను. పట్టీ బిగువుగా ఉండుంటే వాడి తల గొట్టం దాకా వెళ్ళేది కాదు. అందుకే చెబుతున్నా, తప్పు నాది అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు."

"ఉంది. కాలు తీసింది నేను అన్నది అబద్ధం."

"ఆ ఒక్కటీ వదిలెయ్."

"ఎందుకు వదలాలి? అమ్మ నిన్ను ఇంట్లోంచి పొమ్మంటోంది. వాడు నిన్ను నోటికొచ్చినట్టు తిడుతున్నాడు."

"తిట్టనీ. నన్ను తిడితే నాలుగు రోజులకి చల్లారిపోతుంది. కారు తిరగబడింది తన చేతుల్లోనేనని తెలిస్తే వాడు మళ్ళీ స్టీరింగు పట్టుకోలేడు. ఆ చేతులు అలా వృథా అయిపోకూడదు." అతను తలెత్తాడు. "ఇంకోటి, అత్తయ్యకి నేను మాటిచ్చాను. వాడు నా పక్కన కూర్చుంటాడు, స్టీరింగు ముట్టుకోడు అని. ఆ మాట మీదే వాణ్ణి నాతో పంపింది. అది తప్పానని ఎలా చెప్పను ఆమెకి?"

"బాగుంది. నువ్వు త్యాగమూర్తివై సంచీ సర్దుకుని వెళ్ళిపోతావు. ఆవిడ రోజూ నిన్ను దుమ్మెత్తి పోస్తుంటే నేను ఇక్కడ కూర్చుని వింటూ ఊ కొట్టాలి. అంతేగా?"

"నీ దగ్గర ఒక మాట తీసుకుంటాను."

"నేనివ్వను. నువ్వు ఇచ్చిన మాటలు చూశాంగా."

ఆ దెబ్బ అతనికి తగిలింది. మళ్ళీ తల దించుకున్నాడు. ఆమెకి జాలేసింది. జాలిపడ్డందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. వెళ్ళి అతని కమిలిన భుజం మీద చెయ్యి వేయబోయేంతలో పెరటి గుమ్మంలోంచి అమ్మ కేక వినిపించింది.

"పెద్దదానా! చిన్నోడు పిలుస్తున్నాడు. ఆయన్ని కూడా రమ్మంటున్నాడు."

* * *

తమ్ముడు దిళ్ళకి ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ తలవైపు కూర్చుని వాడి జుట్టు సర్దుతోంది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ మంచం మీద పడుతోంది. నిదానం గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేసి ఆగిపోయాడు.

"బావా, ఒక్కటి అడుగుతాను. మొహమాటపడకుండా చెప్పు."

"అడుగు రా."

"ఎందుకు తీశావు కాలు?"

నిదానం ఎప్పటిలా ఆలస్యం చెయ్యలేదు. "భయమేసింది."

"నీకా?"

"నేను మనిషిని కాదా?"

"అడగడమూ చెప్పడమూ అయ్యాయి గనక నేను కూడా చెబుతున్నా," అంది అమ్మ, గోడతో చెప్పినట్టు. "ఇకనుంచి నా కొడుకు ఆ కారు నీడ తొక్కడు. చెప్పు నాన్నా, నువ్వే చెప్పు ఆయనకి."

తమ్ముడు ఆ మాట విన్నట్టు లేదు. వాడి చూపు ఎదుటి గోడ మీద ఉంది.

"ఆకాశం కనబడింది బావా," అన్నాడు మెల్లగా. "ఇందాక కళ్ళు మూసుకుంటే వచ్చింది. ముందు రోడ్డు లేదు, అంతా ఆకాశమే. గట్టు ఎక్కాం కదూ? అప్పుడేనా?"

"ఆ... అప్పుడే."

"తర్వాత ఒక్కసారిగా రోడ్డు దిగింది. తెల్లటి గులకరాళ్ళు. అంతటా మెరుస్తున్నాయి."

"ఎక్కువ ఆలోచించకు రా," అంది వెల్డరమ్మ.

"లేదక్కా, ఆగు. పక్కన కూర్చుంటే నేను కాగితాల్లోకి చూస్తూ ఉండాలి. తలెత్తితే వరస తప్పుతుంది. అలాంటిది నాకు రోడ్డు ఎలా కనబడింది?" వాడి రెండు చేతులూ దుప్పటి మీంచి లేచి, గాలిలో దేన్నో పట్టుకున్నట్టు ఆగాయి. "కాగితాలు ఎవరు చదివారు బావా?"

నిదానం చూపు వెల్డరమ్మ మీదికి పోయింది.

"అక్కా, నువ్వు చెప్పు."

"దానికేం తెలుసు? అదక్కడ లేదుగా," అంది అమ్మ.

"కారు చూసిందిగా అమ్మా. కారు చూస్తే అక్క చెప్పేస్తుంది."

భర్త తన వంకే చూస్తున్నాడని వెల్డరమ్మకి తెలుసు. వద్దన్నట్టు అతని తల కాస్త కదిలింది. ఆమె చూపు తిప్పుకుని తమ్ముడి పక్కన మంచం అంచు మీద కూర్చుంది. గాలిలో ఆగిపోయిన ఆ చేతుల్ని పట్టుకుని కిందికి దించింది.

"స్టీరింగు వైపు సీట్లో ఉన్నది నువ్వే రా."

జుట్టు సర్దుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

వాడు ఏడవలేదు. తన చేతులు తనవో కావో అన్నట్టు చూసుకున్నాడు. "అయితే కాలు తీసింది..."

"నువ్వే."

"మరి బావ..." వాడు గుమ్మం వైపు తిరగబోయాడు, మెడ తిరగలేదు. "పొద్దుట నుంచి నేను బావని ఎన్ని మాటలన్నానో!"

వెల్డరమ్మ గుండె మీంచి బరువు దిగినట్టయింది. అయిపోయింది. ఇక అమ్మ మెత్తబడుతుంది. నింద మోసిన అల్లుడి మంచితనం ఆమెకి ఇప్పటికైనా అర్థమవుతుంది.

అమ్మ లేచింది. మంచం చుట్టూ తిరిగి వచ్చి అల్లుడి ఎదురుగా నిలబడింది. నిన్నటి నుంచి మొదటిసారి అతని కళ్ళలోకి చూసి పలకరించింది.

"బాబూ."

"అత్తయ్యా."

"కారు తిరగబడింది నీ చేతిలో అనుకుని నిన్నటి నుంచి తిట్టుకున్నాను. ఎంతటివాడి చెయ్యి అయినా ఒకనాటికి తప్పుతుంది, అది నాకు తెలియంది కాదు. ఆయనతో కాపురం చేసినదాన్ని. కోపం చల్లారాక నేనే నిన్ను అన్నానికి పిలిచేదాన్నేమో." ఆమె గొంతు పెంచలేదు. అందుకే వెల్డరమ్మకి భయమేసింది. "నా కొడుకు చేతికి కారు ఇచ్చావా?"

"ఇచ్చాను."

"నాకు మాటిచ్చి కూడా."

"ఇచ్చి కూడా."

"నేనే అడిగానమ్మా! కాళ్ళావేళ్ళా పడ్డాను," అన్నాడు తమ్ముడు.

"నువ్వు నోరు ముయ్యి. నువ్వు అడుగుతావని తెలిసే కదా ఆయన దగ్గర మాట తీసుకుంది!"

వెల్డరమ్మ లేచి మధ్యలోకి వచ్చింది. "అమ్మా, నేను చెప్పేది విను. కేజ్ అంతా చూశాను. ఒక్క అతుకు కూడా..."

"నువ్వు కట్టిన పంజరం గట్టిదే తల్లీ. ఎవరు కాదన్నారు?" అమ్మ కూతురి వైపు తిరిగింది. "అది గట్టిదన్న ధైర్యంతోనే వీళ్ళిద్దరూ ఇలా తయారయ్యారు. ఏమైనా అక్క ఉంది, అక్క కట్టిన గొట్టాలున్నాయి అని. మీ నాన్నకి అంత ధైర్యం కూడా లేదు పాపం, బోల్టులు ఊగుతున్నాయేమోనని రోజూ చూసుకునేవాడు."

ఇన్నేళ్ళుగా నిప్పురవ్వల ముందు కూర్చుని చేసిన పనికి ఇలాంటి అర్థం ఉంటుందని వెల్డరమ్మ ఎన్నడూ అనుకోలేదు. కాదని అరవాలనిపించింది. కానీ కాదనడానికి మాట దొరకలేదు.

అమ్మ మళ్ళీ అల్లుడి వైపు తిరిగింది.

"అయిందేదో అయింది. పొమ్మన్న మాట వెనక్కి తీసుకుంటాను. ఉండాలనుకుంటే ఉండు. ఒక్కటి మాత్రం నాకు నిజం చెప్పు. ఈసారి అబద్ధం వద్దు, ఎవరినో కాపాడే మాట అసలే వద్దు." ఆమె వేలితో మంచం వైపు చూపించింది. "రేపు వాడి మెడ పట్టీ ఊడుతుంది. తలనొప్పి తగ్గుతుంది. వచ్చి నీ ముందు నిలబడి 'బావా, ఒక్కసారి' అంటాడు. ఇస్తావా?"

ఇవ్వను అంటే చాలు. అంత చిన్న మాట. చెప్పు, చెప్పు అని వెల్డరమ్మ మనసులోనే అతన్ని తొందరపెట్టింది.

మంచం మీద తమ్ముడు ఊపిరి బిగబట్టాడు. తల తిప్పలేక, కళ్ళు మాత్రం పూర్తిగా పక్కకి తిప్పి బావ వంక చూస్తున్నాడు. ఇందాకటి దుఃఖం ఇంకా ఆరలేదు ఆ కళ్ళలో. భయం కూడా ఉంది. కానీ వాటి వెనక, వాడికే తెలియకుండా, ఒక ఆశ ఉంది.

నిదానం ఆ కళ్ళని చూశాడు. జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు.

మాట రాలేదు.

అమ్మ ఎదురు చూస్తూనే ఉంది.